కొండ మీద కోట, కోట కింద నీరు: గోలకొండ సందర్శనలో దుర్గం చెరువు స్థానం

వ్యాససంగ్రహం

గోలకొండను చూడటానికి వచ్చేవారు ఫతే దర్వాజా దాటి, బాలాహిసార్ మెట్లెక్కి, బారాదరి మీద నుంచి నగరాన్ని చూసి దిగిపోతారు. ఈ దారిలో కోట ఒక కొండగా, రాజుల నివాసంగా కనిపిస్తుంది. ఆ కొండను నివాసయోగ్యం చేసిన నీటి ఏర్పాటు మాత్రం మెట్ల దారిలో సగమే కనిపిస్తుంది. మిగిలిన సగం కోటకు ఉత్తరాన సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, నేటి ఐటీ కారిడార్ నడుమ ఉన్న దుర్గం చెరువు దగ్గర మొదలవుతుంది. మధ్యయుగపు గిరిదుర్గాన్ని దాని నీటి మూలంతో కలిపి చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సందర్శన మార్గమూ రక్షణ చట్టమూ కొండ పాదం దగ్గరే ఆగిపోవడం వల్ల ఆ పఠనానికి కలుగుతున్న నష్టాన్ని పరిశీలిస్తుంది.

కీలక పదాలు: గోలకొండ, గిరిదుర్గం, దుర్గం చెరువు, కటోరా హౌజ్, కుతుబ్ షాహీలు, ఇబ్రహీం కుతుబ్ షా, బోరబండ, స్థలనామాలు

1. ప్రస్తావన

సికింద్రాబాదు నుంచి లింగంపల్లి వైపు వెళ్లే ఎంఎంటీఎస్ మార్గంలో భరత్‌నగర్ దాటగానే వచ్చే స్టేషన్ బోరబండ. దాని తరువాతిది హైటెక్ సిటీ. ఈ రెండు స్టేషన్ల మధ్య ప్రయాణం కొద్ది నిమిషాలే అయినా పేర్ల మధ్య దూరం కొన్ని శతాబ్దాలది. ఒకటి 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభంతో స్థిరపడిన పేరు. మరొకటి ఈ నేల స్వభావాన్ని చెప్పే పేరు. బోరబండలోని ‘బండ’ ఈ ప్రాంతమంతటా నేలను చీల్చుకొని పైకి వచ్చిన గ్రానైటు శిలలకు తెలుగువారు వాడే మాట. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో ఈ శిలల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు.

బోరబండ నుంచి దాదాపు నేరుగా దక్షిణానికి 8 కిలోమీటర్ల దూరంలో అదే జాతి శిల పరిసర నేల కంటే సుమారు 120 మీటర్ల ఎత్తుకు లేచింది. అదే గోలకొండ. రెంటికీ నడుమ బండల మధ్య పల్లంలో దుర్గం చెరువు ఉంది. బండ, చెరువు, కొండ అనే ఈ మూడు మాటల వరుస ఒక మధ్యయుగపు కోట నిర్మాణ క్రమాన్ని చాలావరకు చెప్పగలదు. అయితే గోలకొండ మీద వచ్చిన సందర్శక సాహిత్యంలో, పాఠ్యపుస్తకాలలో, పర్యాటక శాఖ కరపత్రాలలో మూడవ మాటకే చోటు దక్కింది.

2. గిరిదుర్గానికి మొదటి శత్రువు దాహం

కౌటిల్యుని అర్థశాస్త్రం దుర్గాలను ఔదకం, పార్వతం, ధాన్వనం, వనదుర్గం అని నాలుగు విధాలుగా విభజించింది. మనుస్మృతి ఆరు విధాలు చెప్పి, వాటన్నింటిలో గిరిదుర్గం శ్రేష్ఠమన్నది. ఎత్తు రక్షణనిస్తుందన్న శాస్త్రకారుల మాటలో సందేహం లేదు. కాని కొండ కట్టించినవాడికి ఎదురయ్యే అసలు చిక్కు ఎత్తు వల్లనే పుడుతుంది. మనిషి ఎక్కగలడు, గుర్రం ఎక్కగలదు, ఫిరంగిని కూడా తాళ్లతో లాగి ఎక్కించవచ్చు. నీరు మాత్రం తనంతట తాను ఎక్కదు.

తెలంగాణలోని కొండకోటలను ఈ దృష్టితో వరుసగా చూస్తే ఒక తేడా స్పష్టమవుతుంది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేరుతో ముడిపడిన భువనగిరి కోట ఒకే గుండు మీద నిలిచింది. వాన కురిసినప్పుడు ఆ నున్నని శిల మీద జారే నీరు బండల పల్లాలలో చేరుతుంది. ఆ పల్లాలకు కొద్దిపాటి అడ్డుకట్ట వేస్తే తొట్టెలవుతాయి. కోటలో ఉండేది పరిమితమైన కాపలా దళమే అయితే వాన నీటితో వేసవి గట్టెక్కవచ్చు. రేచర్ల పద్మనాయకుల రాచకొండలో గుట్టల వరుసలు కొండవాగులను తమ ఒడిలోకి తీసుకుంటాయి. అక్కడ ఊరు గుట్టల మధ్య ఉంది కనుక నీరు పైకి ఎక్కవలసిన అవసరం తక్కువ.

గోలకొండ స్థితి వేరు. అది కాపలా స్థావరంగా మొదలై రాజధాని అయింది. రాజ్యపు ఖజానా, ఆయుధాగారం, అంతఃపురం, స్నానశాలలు, తోటలు, వాటిని నడిపే వేలాది మంది ఒకే గుట్ట మీద, దాని చుట్టూ చేరారు. 17వ శతాబ్దంలో వజ్రాల వర్తకం కోసం పలుమార్లు ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే గోలకొండను దాదాపు రెండు లీగుల చుట్టుకొలత గల దుర్గంగా వర్ణించి, అది నిజానికి ఒక పట్టణమేనన్నాడు. పట్టణానికి వాన తొట్టెలు చాలవు. బయటి నుంచి నీరు తెచ్చుకోక తప్పదు. తెచ్చుకున్న క్షణం నుంచి కోట సరిహద్దు గోడ దగ్గర ఆగదు. నీరు ఎక్కడ మొదలవుతుందో అక్కడికి జరుగుతుంది.

3. గొల్లకొండ నుంచి రాజధాని దాకా

గొల్లవాడికి కొండ మీద విగ్రహం దొరికిందని, దాని వల్ల గొల్లకొండ అనే పేరు వచ్చిందని జనశ్రుతి. కాకతీయుల కాలపు మట్టికోట గురించిన ప్రస్తావనలు కూడా ఎక్కువగా ఈ జనశ్రుతి నీడలోనే నడుస్తాయి. గట్టి చారిత్రక ఆధారం కాకతీయుల అనంతర కాలం నుంచి దొరుకుతుంది. ముసునూరి కాపయనాయకుడు బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షాతో యుద్ధాలలో దెబ్బతిని, 1363-64 ప్రాంతంలో గోలకొండను వదులుకొని సంధి చేసుకున్నాడు. ఈ సందర్భంలోనే మణులు పొదిగిన ‘తఖ్త్-ఎ-ఫిరోజా’ సింహాసనం బహమనీలకు చేరినట్లు ఫిరిస్తా రాశాడు. ఆ కథలో అందరి కళ్లూ సింహాసనం మీద పడతాయి. తెలుగు నేలకు సంబంధించినంతవరకు ఆ సంధిలో అసలు పోయింది కొండ.

బహమనీల తరఫున తెలంగాణ పాలకుడుగా వచ్చిన సుల్తాన్ కులీ ఇక్కడ కుతుబ్ షాహీ వంశాన్ని స్థాపించాడు. బాలాహిసార్ దర్వాజా సమీపంలోని జామి మసీదు 1518 నాటిది. 1543లో వృద్ధుడైన సుల్తాన్ కులీ హత్యకు గురైంది ఆ మసీదులోనే. ఆ రక్తపాతం తరువాత అతని చిన్న కొడుకు ఇబ్రహీం పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపాడు. 1550లో తిరిగి వచ్చి గోలకొండ సింహాసనమెక్కాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఇతన్నే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అందుకున్నవాడూ, కందుకూరి రుద్రకవికి చింతలపాలెం ఇచ్చినవాడూ ఇతడే. తొలి అచ్చతెలుగు కావ్యమైన పొన్నగంటి తెలగనార్యుని యయాతి చరిత్రను అంకితం పొందిన అమీన్‌ఖాన్ ఈ రాజ్యపు అధికారే. అతడుండిన పటాన్‌చెరువు పేరులో చెరువు ఉండటం ఇక్కడ యాదృచ్ఛికమే కాని, ఈ వ్యాస విషయానికి ఎంతో సహజంగా అమరే యాదృచ్ఛికం.

సాహిత్య చరిత్రలు ఇబ్రహీంను కవిపోషకుడిగా గుర్తుంచుకున్నాయి. నీటి చరిత్ర రాస్తే అతని స్థానం ఇంకా పెద్దది. 1560లో కటోరా హౌజ్, 1562లో హుస్సేన్‌సాగర్, ఇబ్రహీంపట్నం చెరువు, 1578లో మూసీ మీద పురానాపూల్ అతని పాలనలోనివి. విజయనగరంలో తుంగభద్ర కాలువలను, రాతి తొట్టెలను, ఊరంతా తిరిగే నీటి దారులను చూస్తూ ఏడేళ్లు గడిపిన యువకుడు రాజై నీటి మీద ఇంత శ్రద్ధ పెట్టడాన్ని ఆ అనుభవంతో ముడిపెట్టడం ఊహే. కాని అకారణమైన ఊహ కాదు. అతని కవిపోషణను విజయనగర ప్రభావంగా వివరించడానికి సందేహించని చరిత్రకారులు, అతని చెరువుల విషయంలో ఆ తర్కాన్ని ఎందుకు వాడలేదో ఆలోచించదగినది.

4. మెట్ల దారి చెప్పే కథ

నేడు కోటను చూసేవారి దారి దాదాపు ఒక్కటే. ఫతే దర్వాజా నుంచి బజారు వీధి గుండా బాలాహిసార్ దర్వాజాకు చేరతారు. ఆ దర్వాజా మీది గచ్చు పనిలో సింహాలు, యాళి రూపాలు, నెమళ్లు ఉన్నాయి. ఒక పర్షియన్ సంస్కృతి రాజవంశపు ముఖద్వారం మీద దక్షిణదేశపు దేవాలయ మృగాలు నిలిచిన ఆ దృశ్యం దగ్గర ఆగేవారు తక్కువ. అందరూ దర్వాజా లోపలి మండపం కింద చప్పట్లు కొట్టే తొందరలో ఉంటారు. అక్కడ చరిచిన చప్పుడు కొండ శిఖరాన ఉన్న బారాదరి దగ్గర వినిపిస్తుంది. శత్రువు రాకను పైకి తెలిపే ఏర్పాటు ఇదని గైడులు చెబుతారు. రోజుకు కొన్ని వందలసార్లు చప్పట్లు మోగే ఆ చోట నిజంగా శత్రువు వస్తే ఏ చప్పుడు ఎవరిదో తెలియడం కష్టం.

తరువాత అక్కన్న మాదన్నల కచేరీలు, నగీనా బాగ్, ఆయుధాగారం, అబ్దుల్లా కుతుబ్ షా కాలపు పర్షియన్ శాసనం గల అంబర్ఖానా, రామదాసు బందీఖానాగా చూపే గది, ఇబ్రహీం మసీదు, శిఖరం దగ్గర గుండ్ల నడుమ జగదాంబ మహంకాళి గుడి, చివరకు బారాదరి. తెలుగు సందర్శకులలో ఎక్కువమంది రామదాసు గది దగ్గర నిలిచిపోతారు. గోడ మీది రాముని రూపాలను చూసి నమస్కరిస్తారు. కంచర్ల గోపన్న కీర్తనలు తెలిసినవారికి ఈ కోట మొత్తం ఆ ఒక్క గదికి చుట్టుగోడ. సాయంత్రపు ధ్వని-కాంతి ప్రదర్శన కూడా రాజులు, ప్రేమలు, వజ్రాలు, ద్రోహం అనే క్రమంలోనే కథ నడుపుతుంది.

ఈ దారి పొడవునా నీరు ఉంది. గమనించే తీరిక ఉండాలి. బాలాహిసార్ దర్వాజా దాటిన కొద్దిసేపటికే వేడినీటికి, చన్నీటికి వేరువేరు ఏర్పాట్లున్న స్నానశాల వస్తుంది. రాజకుటుంబీకుల భౌతికకాయాలను సమాధుల తోటకు తీసుకుపోయే ముందు ఇక్కడ స్నానం చేయించేవారని చెబుతారు. రాణీమహలు ప్రాంగణం నడుమ ఫౌంటెను తొట్టె ఉంది. మెట్ల పక్కన గోడలలో పగిలిన మట్టి గొట్టాల నోళ్లు కనిపిస్తాయి. వేరువేరు ఎత్తులలో రాతి తొట్టెలున్నాయి. ఎక్కేవారు వాటిని ఆయాసం తీర్చుకునే మజిలీలుగా మాత్రమే గుర్తుంచుకుంటారు. నిజానికి అవి నీటికి కూడా మజిలీలే.

కొండకు నీరు ఎక్కే సంప్రదాయం నేటికీ ఒక రూపంలో సాగుతున్నది. ఆషాఢ మాసంలో నగరంలోని బోనాలు మొదట గోలకొండ మీది జగదాంబ గుడిలోనే మొదలవుతాయి. లంగర్‌హౌజ్ నుంచి ఊరేగింపు కదులుతుంది. బోనం కుండ తలకెత్తుకొని, వేపాకులు కట్టుకొని, సాక పోయడానికి నీరు పట్టుకొని స్త్రీలు అవే మెట్లెక్కుతారు. పర్యాటకుడి టికెట్టు దారీ, బోనమెత్తిన స్త్రీ దారీ ఒక్కటే. ఆమె మాత్రం శిథిలాన్ని చూడటానికి రాలేదు. ఆమెకు అది పాడుపడ్డ చోటు కాదు.

5. నీటి దారి

బాలాహిసార్‌కు నీరు చేరిన పద్ధతిని రెండు అంచెలుగా అర్థం చేసుకోవాలి. మొదటి అంచె నేల వాలు మీద ఆధారపడింది. ఎత్తయిన ప్రదేశంలోని చెరువు నుంచి మట్టి గొట్టాల ద్వారా నీరు వాలును అనుసరించి కోట లోపలి జలాశయాలకు చేరేది. కుమ్మరి సారె మీద చేసి కాల్చిన గొట్టాలను ఒకదాని మూతిలో మరొకటి దూర్చి, కీళ్లను సున్నపు గచ్చుతో మూసి, రాతికట్టు నడుమ పొదిగేవారు. రెండవ అంచె కొండ పాదం దగ్గర మొదలవుతుంది. ఇక్కడ వాలు పనిచేయదు. కుండల గొలుసు గల పర్షియన్ చక్రాలను పశువులు, మనుషులు తిప్పగా ఒక తొట్టె నుంచి పై తొట్టెకు, అక్కడి నుంచి ఇంకా పై తొట్టెకు నీరు ఎక్కేది. శిఖరపు తొట్టె నిండాక మళ్లీ వాలు పని మొదలవుతుంది. గోడల లోపలి గొట్టాల గుండా అంతఃపురాలకు, స్నానశాలలకు, తోటలకు, ఫౌంటెన్లకు నీరు దిగుతుంది.

మొదటి అంచెకు ముఖ్యమైన మూలం దుర్గం చెరువు అని నగర చరిత్ర రాసినవారు విస్తృతంగా చెప్పారు. చెరువు పేరే దానికి తొలి సాక్ష్యం. ‘దుర్గం చెరువు’ అంటే దుర్గానికి చెందిన చెరువు. పక్కనున్న రాయదుర్గం పేరులోనూ అదే మాట ఉంది. ఈ నీరు చేరే చోటుగా చెప్పే కటోరా హౌజ్ కోట లోపల బంజారా దర్వాజా వైపు ఉంది. ‘కటోరా’ అంటే గిన్నె. వెడల్పుగా మెట్లు దిగిన ఆ కొలను ఆకారం పేరుకు తగినట్లే ఉంటుంది.

ఈ ఏర్పాటును ఇరానీ ఇంజనీరింగ్ ఖాతాలో పూర్తిగా జమ చేయడం పర్యాటక రచనలలో మామూలైపోయింది. చక్రాల విషయంలో, గొట్టాల పంపిణీ విషయంలో అందులో కొంత నిజముంది. చెరువు విషయంలో లేదు. రెండు గుట్టల నడుమ పల్లాన్ని ఎంచుకొని, ఇరుకు చోట కట్ట వేసి, తూము పెట్టి, అలుగు విడిచి, వాన నీటిని ఏడాది పొడవునా నిలిపే విద్య ఈ నేలది. రామప్ప, పాకాల చెరువులు 13వ శతాబ్దం నాటికే ఆ విద్య ఏ స్థాయికి చేరిందో చూపుతాయి. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను విడమరచి చెప్పింది. తటాక నిర్మాణాన్ని సప్తసంతానాలలో ఒకటిగా లెక్కించిన సమాజంలో చెరువు తవ్వడం రాజాజ్ఞ మాత్రమే కాదు, పుణ్యకార్యం. కనుక గోలకొండ నీటి ఏర్పాటులో కింది సగం తెలుగు చెరువు, పై సగం పర్షియన్ చక్రం. రెండింటి నడుమ మట్టి గొట్టం చేసినవాడు స్థానిక కుమ్మరి. కుతుబ్ షాహీల పాలనలో ఫర్మానాలు పర్షియన్‌లోనూ తెలుగులోనూ ఒకే కాగితం మీద వెలువడేవి. ఆ ద్విభాషా ఫర్మానా స్వభావమే ఈ నీటి దారికీ ఉంది. దక్కను సమన్వయ సంస్కృతి గురించి రాసేటప్పుడు కావ్యాంకితాలను, ఉర్దూ గజళ్లలోని తెలుగు మాటలను ఉదాహరించడం పరిపాటి. ఆ సంస్కృతికి చేతితో తాకి చూడగల ఉదాహరణ ఈ గొట్టంలోనే దొరుకుతుంది.

ఈ ఏర్పాటుకు హద్దులు లేకపోలేదు. జనం పెరిగే కొద్దీ కోటలో నీటి కరువు, ఇరుకుతనం ముదిరాయి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి అవతల హైదరాబాదును నిర్మించడానికి ఇదొక ముఖ్య కారణమని చరిత్రకారులు భావిస్తారు. అంటే ఒక మహానగరం పుట్టుకకు మూలం కొండ మీద చాలని నీరు. ప్రేమకథ వల్ల పుట్టిన నగరమన్న వివరణకు ఉన్న ఆకర్షణ దీనికి లేదు. అందుకే ఇది తరగతి గదులలో కూడా రెండో వరుసలోనే కూర్చుంటుంది.

6. 1687 ముట్టడి: ఎవరికి దాహం, ఎవరికి ఆకలి

నీటి ఏర్పాటు బలం ఎంతో తెలియాలంటే కోట చివరి పరీక్షను చూడాలి. 1656లో యువరాజుగా ఔరంగజేబు జరిపిన ముట్టడి తరువాత అబ్దుల్లా కుతుబ్ షా ఈశాన్యపు మిట్టను కూడా గోడ లోపలికి కలుపుకొని ‘నయా ఖిల్లా’ కట్టించాడు. 1687 ఆరంభంలో చక్రవర్తిగా ఔరంగజేబు స్వయంగా వచ్చి దిగాడు. ముట్టడి దాదాపు ఎనిమిది నెలలు సాగింది. సొరంగాలు తవ్వి మందుగుండు పేలిస్తే అది వెనక్కి తిరిగి మొగలు సేననే దెబ్బతీసింది. ఆ ఏడు వానలు విపరీతంగా కురిసి వాగులు పొంగాయి. బయటి నుంచి ధాన్యం రావడం కష్టమైంది. మొగలు శిబిరంలో కరవు, రోగాలు వ్యాపించాయి. ఖాఫీఖాన్, భీమ్‌సేన్ వంటి మొగలు పక్షపు రచయితలే ఈ కష్టాలను నమోదు చేశారు.

గమనించవలసింది ఇది: ముట్టడి అంటే లోపలివారిని ఆకలిదప్పులతో లొంగదీయడం. గోలకొండలో ఆకలి బయటివారిని పట్టుకుంది. సెప్టెంబరులో కోట పడింది దప్పికతో కాదు. అబ్దుల్లాఖాన్ పన్నీ లోపలి నుంచి తలుపు తీయడంతో పడింది. అబ్దుల్ రజాక్ లారీ ఒంటినిండా గాయాలతో చివరిదాకా పోరాడిన ఘట్టం తెలుగు పాఠకులకు సుపరిచితమే. ద్రోహం, వీరత్వం ఆ కథను నింపేయడం వల్ల దాని వెనుక ఉన్న తొట్టెలు మరుగున పడ్డాయి. బయటి చెరువు శత్రువు చేతిలో ఉన్నా లోపలి జలాశయాలు, బావులు, వాన తొట్టెలు కోటను ఎనిమిది నెలలు నిలబెట్టాయి. ఆ ఏడు కురిసిన వానలే మొగలు శిబిరాన్ని ముంచి, కోట తొట్టెలను నింపి ఉంటాయి.

7. చెరువు ఇప్పుడు ఎక్కడ ఉంది

దుర్గం చెరువు 1990ల దాకా బండల మాటున చాలామందికి కనపడకుండా ఉండేది. ‘సీక్రెట్ లేక్’ అనే పేరు ఆ కాలంలో వాడుకలోకి వచ్చింది. నేడు దాని మీద 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైన తీగల వంతెన, ఒడ్డున నడక దారులు, చుట్టూ అద్దాల భవనాలు ఉన్నాయి. నీలం రంగు మెట్రో మార్గంలో ఒక స్టేషన్‌కు దుర్గం చెరువు అనే పేరే పెట్టారు. ‘ఏ దుర్గం?’ అనే ప్రశ్న ఆ స్టేషన్‌లో ఎవరికీ రాదు. గచ్చిబౌలి పేరులోని ‘బౌలి’ బావి అనీ తోచదు. మణికొండలో కొండ, పటాన్‌చెరువులో చెరువు, బోరబండలో బండ ఇలాగే చెవులకు అరిగిపోయిన మాటలయ్యాయి. స్థలనామ పరిశోధన చేసే తెలుగు విద్యార్థులకు ఈ కారిడార్ ఇంకా సరిగా తవ్వని గని.

చట్టం ఈ తెగిన సంబంధాన్ని అలాగే స్థిరపరుస్తున్నది. గోలకొండ భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉంది. 1958 చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కుతుబ్ షాహీ కట్టడాలను యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చిందీ 2010లోనే. ఆ జాబితాలో గోలకొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు, చార్మినార్ ఉన్నాయి. చెరువు లేదు, గొట్టాల మార్గం లేదు. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు ఒకప్పుడు నగరాభివృద్ధి సంస్థ 13వ నిబంధన కింద వారసత్వ శిలల జాబితాలో ఉండేవి. 2015లో ఆ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. శిలల జాబితాలో గుట్టలున్న రోజుల్లో కూడా వాటిని ప్రకృతి వింతలుగానే చేర్చారు తప్ప ఒక కోట జలాశయానికి గట్లుగా కాదు.

2024 ఆగస్టులో చెరువు పరిసర కాలనీల్లోని ఇళ్లు పూర్తి నీటిమట్టం పరిధిలో ఉన్నాయంటూ రెవెన్యూ అధికారులు నోటీసులు ఇచ్చారు. వివాదమంతా శిఖం భూమి గీత ఎక్కడిదాకా అన్నదాని మీద నడిచింది. ఇళ్లు కొనుక్కున్నవారి ఆందోళన న్యాయమైనదే. కాని ఆ చర్చలో చెరువు ఒక విస్తీర్ణంగా మాత్రమే కనిపించింది. పాత తూము ఎక్కడ, అలుగు ఎటు, కోట వైపు వెళ్లిన గొట్టాలు ఏ గట్టు కింద నుంచి సాగాయి అనే ప్రశ్నలు రాలేదు. చెరువును ఎకరాలలో కొలిచేవారికి అది ఒక వ్యవస్థలో భాగమని చెప్పవలసిన బాధ్యత చరిత్ర, సాహిత్య శాఖలదే. ఆ శాఖలు గోలకొండ మీద రాసిన సిద్ధాంత గ్రంథాలలో కవులున్నారు, శాసనాలున్నాయి, తూములు లేవు.

నీటి కట్టడాల పట్ల శ్రద్ధ పెడితే ఏమవుతుందో గోలకొండ పక్కనే ఒక ఉదాహరణ ఉంది. కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలోని బడీ బావోలి 2013 వానలకు కూలింది. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ ఆ బావిని, ఇతర దిగుడు బావులను పునరుద్ధరించింది. 2022లో ‘గోలకొండ దిగుడు బావులు’ యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో విశిష్ట పురస్కారం పొందాయి. బావులు మళ్లీ వాన నీటితో నిండుతున్నాయి. సమాధులకు కిలోమీటరు దూరంలోనే ఉన్న కోట లోపలి కటోరా హౌజ్ గురించి మాత్రం పత్రికల్లో తరచుగా వచ్చే వార్తలు పూడిక, గుర్రపుడెక్క, మురుగునీరు. నయా ఖిల్లాలో కొంత భాగం గోల్ఫ్ మైదానమైంది.

దుర్గం చెరువుకు, బంజారా దర్వాజాకు నడుమ ఉన్న ఆ 5 కిలోమీటర్లలో నేడు రాయదుర్గం, షేక్‌పేట వంటి జనావాసాలు ఉన్నాయి. అక్కడ ప్రతి ఏడాదీ కొత్త పునాదులు తవ్వుతున్నారు. గుట్ట కోసిన చోట, మురుగు కాలువ వేసిన చోట, మెట్రో స్తంభానికి గొయ్యి తీసిన చోట మట్టి గొట్టపు ముక్క బయటపడితే దాన్ని గుర్తించి, స్థలం, లోతు, వ్యాసం, వాలు రాసి ఉంచే ఏర్పాటు ఏ శాఖ దగ్గరా లేదు. స్థానిక కళాశాలల చరిత్ర, తెలుగు విభాగాల విద్యార్థులు ఒక పటం, ఒక కొలబద్ద, ఒక రిజిస్టరుతో ఈ పని మొదలుపెట్టవచ్చు. షేక్‌పేట, టోలిచౌకి, ఇబ్రహీంబాగ్ పాత ఇళ్లలోని వృద్ధులు తమ బావుల పేర్లను, ఎండిన కుంటల పేర్లను ఇంకా చెప్పగలరు. రెవెన్యూ పహాణీలలో ఆ కుంటల సర్వే నంబర్లు ఇంకా ఉన్నాయి.